కారుణ్య మరణము: ఒక మాటకు పరీక్ష



పులికాట్ సరస్సునకు దక్షిణపు ఒడ్డున, పళవేర్కాడులో, డచ్చివారి పాత సమాధుల తోట యున్నది. దాని ద్వారమునకు ఇరుప్రక్కల అస్థిపంజరములను రాతిలో చెక్కియుంచిరి. లోనికి పోవువాడు తన అంతమును తలంచుకొనవలెను గదా! 17వ శతాబ్దపు ఆ జనులు చావును వాకిట నిలిపిరి. మనము దానిని ఆసుపత్రి తెర వెనుక దాచితిమి. దాచినదానికి ఇంపైన పేరు పెట్టుట సులభము. పత్రికలలో మీరు చూచు "కారుణ్య మరణము" అట్టి పేరే. దానిని నేడు పరీక్షింతము.

మన తెలుగునాట ఈ మాట 2004 డిసెంబరులో బహుగా వినబడెను. వెంకటేశ్ అను 25 ఏండ్ల చదరంగపు ఆటగాడు కండరములు క్షీణించు వ్యాధితో హైదరాబాదు ఆసుపత్రిలో ఉండెను. అవయవములు చెడకముందే వాటిని ఇతరులకు ఇయ్యవలెనని అతని కోరిక. తల్లి హైకోర్టును వేడుకొనెను. మెదడు మరణింపకముందు అట్లు తీయుటకు 1994 నాటి చట్టము ఒప్పదని కోర్టు నిరాకరించెను. ఆ నెల 17న అతడు మరణించెను. 2022లో వచ్చిన "సలాం వెంకీ" అను హిందీ చిత్రమునకు ఈ కథయే మూలము. లోకము దీనిని కారుణ్యమరణ వ్యాజ్యమనెను. కాని ఆ యువకుడు ముఖ్యముగా అడిగినది బాధనుండి విడుదల కాదు, ఇచ్చుటకు అనుమతి. అతని దానము ఆ పేరు క్రింద మరుగుపడెను. ఇది ఈ మాటలోని మొదటి లోపము.

రెండవ లోపము, ఇది రెండు వేర్వేరు పనులను ఒకటిగా కలుపుచున్నది. మందిచ్చి చంపుట ఒకటి. ఫలములేని యంత్రమును తీసి, మరణమును దాని దారిన రానిచ్చుట వేరొకటి. మొదటిది నేటికిని నేరమే. రెండవదానికి సుప్రీంకోర్టు 2011లో అరుణా షాన్‌బాగ్ వ్యాజ్యమున దారి తెరచెను. 2018లో రోగి ముందుగా వ్రాసియుంచిన కోరికను గుర్తించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. కాబట్టి వైద్యుల మాటపై యంత్రము తీయించి, తండ్రిని ఇంటికి తెచ్చుకొన్న కుమారుని "నీవే చంపితివి" అనకుడి. ఆ నింద అన్యాయము.

మూడవ లోపము అన్నిటికంటె పెద్దది. ఈ మాట కరుణను చావునకు అంటగట్టి, బ్రదికియున్న రోగిని మరచుచున్నది. గాయపడిన సౌలు తన్ను పొడువుమని వేడగా ఆయుధములు మోయువాడు ఒప్పుకొనలేదు. నేనే చంపితినని వచ్చిన అమాలేకీయుని దావీదు శిక్షించెను. ఏలీయాయు బదరీవృక్షము క్రింద చావు కోరెను. దేవుడు అతని గద్దింపలేదు, అతని ప్రాణమును తీయనులేదు. నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును పంపెను.

మన పల్లెలలో మంచము పట్టిన ముసలివారు "దేవుడు నన్నేల తీసుకొనిపోడు?" అందురు. అందులో తరచుగా నొప్పికంటె "నేను భారమైతిని" అను దుఃఖమే యెక్కువ. వారికి ఒత్తిగిలించు చెయ్యి కావలెను, పెదవులు తడుపు నీళ్లు కావలెను. నొప్పికి మందడుగుట విశ్వాసలోపము కాదు. క్యాన్సరు రోగులకు మార్ఫిన్ దొరకుటకై 2014లో చట్టమును సవరించిరి, వైద్యుని అడుగుడి.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మీ సంఘములో మంచము పట్టినవారి పేరులు వ్రాయుడి. ప్రతి పేరు ప్రక్కను, ఏ రాత్రి ఎవరు మేలుకొని కూర్చుందురో వ్రాయుడి. ఆ యింటి కోడలు ఒక్క రాత్రియైన కన్ను మూయనీయుడి. కారుణ్యమను మాట అచ్చట తగును.