కోడిపందెం దగ్గర ఆపకండి

పల్నాటి యుద్ధం ఎందుకొచ్చిందని ఏ పిల్లాణ్ణడిగినా కోడిపందెం వల్ల అంటాడు. వాణ్ణనేం లాభం, మనం చెప్పిందే అంత. పుంజుల పోట్లాట వినేవాళ్లకి సరదా, చెప్పేవాళ్లకి తేలిక. పిల్లల పేజీకి చరిత్ర రాసే నాకు మాత్రం ఆ పుంజులతోనే పేచీ. ఒక్క పందెం ఓడితే ఇంతమంది చచ్చిపోతారా అని ఏ ఎనిమిదో తరగతి పిల్లో అడిగితే ఏం చెబుతాం?

కాస్త వెనక్కి వెళ్లాలి. 12వ శతాబ్దం. అనుగురాజు కొడుకులు, సవతి అన్నదమ్ములు నలగామరాజు, మలిదేవరాజు రాజ్యం పంచుకున్నారు. గురజాల ఒకరిది, మాచర్ల ఒకరిది. పంపకమైతే అయింది గానీ పగలు చల్లారలేదు. అటు నలగాముడి మంత్రాంగం నాగమ్మది, ఇటు మలిదేవుడి మంత్రాంగం బ్రహ్మనాయుడిది. పందెంలో ఓడిన మలిదేవుడి వర్గం ఒప్పుకున్న ప్రకారం ఏడేళ్లు రాజ్యం విడిచిపోయింది. గడువు తీరాక మా భాగం మాకిమ్మంటే నలగాముడు కుదరదన్నాడు. మలిదేవుడి తరఫున రాయబారానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. కారంపూడి యుద్ధభూమి దాకా నడిపించింది ఇదీ. ఆస్తి పంపకాల్లో మాట తప్పితే ఏమవుతుందో పిల్లలకి విడమరచక్కర్లేదు, చుట్టాలిళ్లలో చూస్తూనే ఉంటారు.

తప్పంతా నాగమ్మ నెత్తిన రుద్దడం ఇంకో అలవాటు. సలహా చెప్పిన మంత్రిని తిట్టి, విని నడిచిన రాజును వదిలేస్తే ఎలా? పందానికి సరేనన్న బ్రహ్మనాయుడికీ ఇందులో వాటా ఉంది.

ఇక పర్యవసానం. తెగిన తలల వర్ణన నేను రాయను, పదేళ్లవాళ్లకి అదెందుకు? బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి కథ విని కర్రకత్తులు తిప్పుతామంటే తిప్పనివ్వండి. కానీ అతను చనిపోయేనాటికి ఇంకా కుర్రాడేననీ, అతని భార్య మాంచాల కాపురం మొదలవకుండానే ముగిసిందనీ అదే పేజీలో ఉండాలి. గెలిచి బాగుపడ్డవాళ్లెవరూ లేరు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని కథ. నలగాముడి పక్షాన నిలిచిన వెలనాటి చోడుల బలం సన్నగిల్లి, తీరాంధ్రలోకి కాకతీయులకి దారి సులువైంది.

ఏటా కార్తీకంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. పిల్లల్ని వెంటబెట్టుకెళ్లే పెద్దలకి ఒక మనవి: ఎవరు ఎంతమందిని నరికారో తర్వాత చెప్పొచ్చు, ముందు ఆ ఏడేళ్ల ఒప్పందం సంగతి చెప్పండి.