తపతీతీరమున వాల్వు వర్ధకము

1942 ఆగస్టు మొదలు నవంబరు వరకు బొంబాయి నగరమున రహస్యముగా పలికిన కాంగ్రెస్ రేడియోకు గొంతునిచ్చిన ఉషా మెహతా సూరతు చెంతనున్న సరస్ గ్రామపు ఆడపడుచు. ఆ కేంద్రమునకు ప్రసారయంత్రమును కూర్చిన నరీమన్ ప్రింటరు అంతకు పూర్వమే అమెచ్యూరు రేడియో సాధకుడు (హాము). వారి స్వరము వెలువడిన 42.34 మీటర్ల తరంగదైర్ఘ్యము, అనగా సుమారు 7.08 మెగాహెర్ట్జులు, నేటి హాముల 40 మీటర్ల పట్టీలోనిదే. ఆ యంత్రమునకు ప్రాణమైన వాల్వు నేడు అంగళ్లలో అరుదైపోయినను, తన చేతులతో శక్తివర్ధకమును నిర్మించుకొనదలచిన సాధకునకు ఇప్పటికిని దానికి మించిన గురువు లేదని నా దృఢవిశ్వాసము.

నిర్మాణమునకు ముందు తేల్చుకొనవలసినది శక్తిపరిమితి. మన నిబంధనలు రెస్ట్రిక్టెడ్ శ్రేణి లైసెన్సుదారునకు 50 వాట్లను, జనరల్ శ్రేణివానికి 400 వాట్లను అనుమతించును. కావున విదేశీ పటములలోని జంట వాల్వులను అనుకరింపక, 813 అను నాళము నొక్కదానిని గ్రహించుట యుచితము. యుద్ధకాలపు ప్రసారయంత్రములలో విరివిగా పనిచేసిన ఈ స్థూలకాయపు గాజునాళపు తంతువు 10 వోల్టుల వద్ద 5 ఆంపియర్లను గ్రహించును. ప్లేటు 2000 వోల్టులను నిబ్బరముగా భరించును. గ్రిడ్లనన్నిటిని ఛాసీకి గలిపి, సంకేతమును తంతువునకే యందించు గ్రౌండెడ్ గ్రిడ్ పద్ధతిలో, శక్తి వెనుకకు మరలు త్రోవ చాలవరకు మూతపడును గనుక వర్ధకము తనంత తాను డోలనమునకు లోనగు ప్రమాదము తగ్గును. తంతువే కాథోడగుటచే, సంకేతము ట్రాన్స్‌ఫార్మరులోనికి జారిపోకుండ ఫెర్రైటు కడ్డీమీద రెండు తీగలను జతగా చుట్టిన చోకు తప్పనిసరి.

2000 వోల్టులు, 180 మిల్లీఆంపియర్లు అనుకొన్నచో ప్లేటు కోరు భారము సుమారు 7000 ఓములు. ఏంటెన్నాకు పోవు కేబులుది 50 ఓములు. ఈ రెంటిని పొసగించునది రెండు కండెన్సర్లును నడుమ నొక కాయిలును గల π (పై) నెట్‌వర్కు. దాని క్యూ విలువను 14గా గైకొన్నచో 7 మెగాహెర్ట్జుల వద్ద ప్లేటువైపు కండెన్సరు 45 పికోఫారడ్లు మాత్రమే. అందులో వాల్వుయొక్క సహజధారితయు చేరియుండును గనుక 28 మెగాహెర్ట్జులకు పోయిన కొలది రచన క్లిష్టమగును. 7 మెగాహెర్ట్జుల వద్ద కాయిలులోని ప్రవాహము రాగి గర్భమున గాక మిల్లీమీటరులో నలువదవవంతు లోతున, ఉపరితలముననే పరుగిడును. సూరతు జరీపనివారు రాగితీగకు వెండిపూత పూసినట్లు కాయిలుకును పూయువారు కలరు గాని, శుభ్రమైన రాగిగొట్టమే చాలును.

అన్నిటికన్న మిన్నగా శ్రద్ధ కోరునది విద్యుత్సరఫరా. 1500 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు డయోడుల వంతెన దాటి 2100 వోల్టులగును. దానిని నిలుపుటకు 450 వోల్టుల, 180 మైక్రోఫారడ్ల కండెన్సర్లారింటిని వరుసగా కలిపినచో 30 మైక్రోఫారడ్లేర్పడి, అందు అరువదిపైచిలుకు జూళ్ల శక్తి నిలిచియుండును. అది మనిషిని చంపుటకు చాలును. ప్రతి కండెన్సరునకు అడ్డముగా నొక రెసిస్టరు నుంచినచో వోల్టేజీ సమముగా పంచబడుటయే గాక, స్విచ్చి తీసిన పిమ్మట ఆ నిలువయు హరించును. అయినను రెసిస్టరు ఎన్నడైన తెగవచ్చును. కావున మూత తెరచినంతనే సరఫరా తెగు ఇంటర్‌లాకును, ఛాసీకి గట్టిన తీగతో ప్లేటును తాకించు పొడవైన ఇన్సులేటెడ్ కర్రయును లేక ఎవరును ఈ పనికి పూనుకొనరాదు. ఈ విషయమున తొందరపాటును నేను క్షమింపజాలను.

ఇంత శ్రమ యెందులకని అడుగవచ్చును. 2001లో భుజ్ భూకంపమువేళ హాములు సందేశసేవ చేసిరి. విద్యుత్తు కరవైన అట్టి వేళ బ్యాటరీ సెట్టే శరణ్యము, వర్ధకము కాదు. స్వయముగా కట్టిన వర్ధకపు విలువ వేరు. కొన్న పెట్టెలో మీట నొక్కువానికి అంకెలు మాత్రమే తెలియును. కట్టినవానికి ప్రతి వోల్టు జాడ తెలియును, చెడినచో చక్కదిద్దగల ధైర్యము కలుగును.

తొలిపరీక్ష ఏంటెన్నామీద గాక 50 ఓముల డమ్మీలోడుమీదనే జరుపవలెను. స్వల్పసంకేత మిచ్చి, ప్లేటు కండెన్సరును మెల్లగా త్రిప్పగా ప్లేటు కరెంటు ఒకచోట కనిష్ఠమునకు దిగును. అప్పుడు రెండవ కండెన్సరుతో భారమును పెంచి, మొదటిదానిని మరల సవరించి, ఇట్లు కొద్ది కొద్దిగా సాగి, కరెంటు 180 మిల్లీఆంపియర్లకు చేరినంతనే ఆపి, ఆ కండెన్సర్ల గుబ్బల స్థానములను పట్టీవారీగా పుస్తకమున వ్రాసికొనవలెను.