'ఆమె' నుంచి 'నేను' దాకా

1974 డిసెంబరులో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ దగ్గర ఒక బార్‌లో, ఎన్‌టొజాకే షాంగే అనే నల్లజాతి కవయిత్రి తోటి స్త్రీలతో కలిసి తన కవితలు చదువుతూ, వాటికి నర్తిస్తూ ఒక ప్రదర్శన ఇచ్చింది. అదే పెరిగి 'ఫర్ కలర్డ్ గర్ల్స్'గా 1976లో న్యూయార్క్ బ్రాడ్వే చేరింది. దాన్ని నాటకం అనడానికి ఇష్టపడక 'కొరియోపొయెమ్' అంది షాంగే. నర్తించే కవిత అనుకుందాం.

అందులో ఏడుగురు స్త్రీలు. వాళ్ళకు పేర్లు లేవు, దుస్తుల రంగులే పేర్లు. ఒకరు చెబుతుంటే మిగిలినవారు వింటారు, ఆడతారు. చివరి ఘట్టాల్లో ఎరుపు దుస్తుల స్త్రీ క్రిస్టల్ అనే తల్లి కథ చెబుతుంది. వియత్నాం యుద్ధం నుంచి మతి చెడి వచ్చిన మగవాడు ఇద్దరు పిల్లల్నీ అయిదో అంతస్తు కిటికీలోంచి జారవిడుస్తాడు. అంతవరకూ 'ఆమె' అని చెబుతూ వచ్చిన మనిషి, ఆ క్షణాన 'నేను' అంటుంది. మారింది ఒక్క సర్వనామమే. కాని చూసేవాడి గుండె అక్కడే ఆగుతుంది. మన హరిదాసు కూడా ఒంటిమనిషిగా సీతా అవుతాడు, రావణుడూ అవుతాడు. మళ్ళీ దాసుగా తిరిగి వస్తాడు. ఈమె తిరిగి రాదు.

2010లో టైలర్ పెర్రీ దీన్ని తానే రాసి, దర్శకత్వం వహించి సినిమాగా తీశాడు. రంగులకు పేర్లు, ఇళ్ళు, ఉద్యోగాలు ఇచ్చాడు. వియత్నాం ఇరాక్ అయింది. క్రిస్టల్‌గా కింబర్లీ ఎలీజ్ నటించింది. ఎరుపు రంగు జానెట్ జాక్సన్ పాత్రకు దక్కింది. ఆ పాత్ర ఒక ఫ్యాషన్ పత్రికకు సంపాదకురాలు. క్రిస్టల్ ఆమె కింద పనిచేసే మనిషి. అంటే ఆ దుఃఖాన్ని తనదిగా మోసిన గొంతే ఇక్కడ పైఅధికారి అయిపోయింది. కిటికీ దృశ్యం మన కళ్ళముందే జరుగుతుంది. భయపడతాం, ఏడుస్తాం. కాని ఎవరి బాధనో ఇంకొకరు 'నాది' అనడం ఇక్కడ జరగదు.

భాష సంగతీ ఇంతే. నల్లజాతి స్త్రీల నోట పలికినట్టే, వ్యాకరణం దిద్దకుండా, చెవికి విన్నట్టే అక్షరాలు పేర్చి రాసింది షాంగే. ఇంట్లో ఒక తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు ఉన్న మనకు ఆ పట్టుదల కొత్తది కాదు. సినిమాలో మామూలు సంభాషణ నడుస్తూండగా ఆమె కవిత్వం హఠాత్తుగా లేచి, అతుకు కనిపించేట్టు నిలబడుతుంది.

పెర్రీని తీసిపారేయలేం. నాటకశాల గడప తొక్కని ఎందరికో ఆ కథలు చేర్చాడు. అంతమంది నల్లజాతి నటీమణులకు ఒకే చిత్రంలో చోటిచ్చాడు. అయినా రంగస్థలం మీద కవిత్వాన్ని తెరకెక్కించడమంటే మాట చెప్పినదాన్ని బొమ్మగా చూపడం కాదు. చెప్పే మనిషి మీదా, వింటున్న ముఖాల మీదా కెమెరాను ఓపికగా నిలిపితే చాలేది.

షాంగే 2018లో కన్నుమూసింది. 2022లో కెమిల్ ఎ. బ్రౌన్ దర్శకత్వంలో ఆ కవిత తిరిగి బ్రాడ్వే ఎక్కింది. తెర మీద మాత్రం ఆ 'నేను' ఇంకా పలకవలసే ఉంది.