ముందు బ్రేకు చూసే మనిషి

క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా కారుకి మంచు టైర్లు ఉండి తీరాలి. అది చట్టం. టైర్లొక్కటే కొంటే ఏటా రెండుసార్లు రిమ్ముల మీంచి ఊడదీయించి ఎక్కించాలి. అందుకే ఇంకో నాలుగు చక్రాలు విడిగా కొనేస్తారు.

మాంట్రియల్‌లో మాకు చక్రాలమ్మే పెద్దాయన్ని చక్రం చూపించమంటే ముందు బ్రేకు చూస్తాడు! పదిహేడు అంగుళాల చోట పదహారు వేస్తే టైరు చవక, దాని పక్క గోడ ఎత్తు పెరుగుతుంది కాబట్టి గుంటల్లో రిమ్ముకి దెబ్బ తక్కువ. కానీ ఆ చిన్న రిమ్ము బ్రేకు కాలిపర్‌కి తగలకూడదు కదా. తర్వాత బోల్టుల వలయం. ఐదు రంధ్రాలే అయినా 112 మిల్లీమీటర్లకీ 114.3కీ తేడా మన కంటికి ఆనదు, ఆయన కంటికి ఆనుతుంది. నడిమి రంధ్రం వదులైతే స్టీరింగ్ వణకొచ్చు, దానికో సన్నటి రింగు తొడుగుతాడు. నట్టు ఆనే చోటు గుండ్రమా, శంకువా అని వేలితో తడిమి చూస్తాడు. హోండా సొంత రిమ్ములకు గుండ్రం, బయటి వాటికి చాలావరకు శంకువు.

అల్లాయ్ రిమ్ము అందమే, ఎవరు కాదన్నారు? కానీ మంచుకని రోడ్ల మీద చల్లే ఉప్పు దాని మెరుపుని తినేస్తుంది. నా ఓటు నల్లటి ఉక్కు రిమ్ముకే.

డబ్బు తీసుకున్నాక కూడా ఆయన పని అయిపోదు. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రమ్మంటాడు, నట్ల బిగింపు చూడ్డానికి. దానికి పైసా పుచ్చుకోడు.