కనిష్ఠం అన్న మాటకు హామీ ఎవరిది? – కట్టా మూర్తి గణితంపై ఒక పరిశీలన

రేఖీయ ప్రణాళికలో బహుభుజి గీసి, దాని మూలలను పరీక్షిస్తే ఖర్చు కనిష్ఠమయ్యే చోటు దొరుకుతుంది. సాధ్య ప్రాంతం కుంభాకారమైనది కావడమే ఈ సౌలభ్యానికి మూలం: అందులోని ఏ రెండు బిందువులను కలిపినా మధ్యరేఖ ప్రాంతం దాటిపోదు. ప్రాంతం ముక్కలైతే ఏమవుతుంది? మిషిగన్ విశ్వవిద్యాలయ పూర్వ ఆచార్యుడు కట్టా జి. మూర్తి పరిశోధనలో గణనీయ భాగం ఇటువంటి ప్రాంతాలకు సంబంధించినదే.

ఒమాన్ రాజధాని మస్కట్‌కు తాగునీరు ప్రధానంగా సముద్రం నుంచే వస్తుంది. ఉప్పు తొలగించే కర్మాగారాలు రెండున్నాయని ఊహిద్దాం. మొదటిది ఆగి ఉండాలి, లేదా 40 నుంచి 100 పాళ్ల నీరివ్వాలి. పాలుకు ఖర్చు 3. రెండవది ఆగి ఉండాలి, లేదా 30 నుంచి 60 పాళ్లివ్వాలి. పాలుకు ఖర్చు 2. అవసరం 90 పాళ్లు. మొదటిదొక్కటే నడిస్తే ఖర్చు 270. రెండవది కొద్దికొద్దిగా మొదలుకాలేదు గనుక, చిన్న మార్పులతో వెతికేవారు అక్కడే ఆగిపోతారు. అసలు కనిష్ఠం 220: మొదటిది 40, రెండవది 50. కనీస పరిమితులను విస్మరిస్తే 210 వస్తుంది. కాని దానికి మొదటి కర్మాగారం 30 వద్ద నడవాలి, అది అసాధ్యం.

మూర్తి అధ్యయనం చేసిన పూరకత్వ సమస్యలో ప్రతి జంటలోనూ ఒక చలరాశి సున్నా కావాలి. ఆగడమా, నడవడమా అన్న షరతును ఈ రూపంలోకి తేవచ్చు. ఒక్కొక్క ముక్కలో వెతకడం సులువే. కాని 20 జంటలకు ముక్కలు 10,48,576. ఇరుసు పద్ధతులకు పట్టే అడుగులు కొన్ని సమస్యల్లో ఇలాగే విపరీతంగా పెరుగుతాయని ఆయన 1978లో చూపారు. కుంభాకారం కాని వర్గ ప్రమేయాల విషయంలో, చేతికందిన బిందువు స్థానిక కనిష్ఠం అవునో కాదో తేల్చడం కూడా సాధారణంగా అతికఠినమని 1987లో సంతోష్ కబడితో కలిసి నిరూపించారు.

ఈ ఫలితాలపై ఒక ఆక్షేపణ సమంజసమే. అవి అత్యంత ప్రతికూల సందర్భాల గురించి చెబుతాయి. నిత్యవ్యవహారంలోని పెద్ద సమస్యలను సాఫ్ట్‌వేర్ తరచు సాధిస్తూనే ఉంది. అయినా వాటి విలువ తగ్గదు. దొరికిన జవాబు మంచిదనిపించడం వేరు, అంతకన్నా మంచిది లేదని రుజువు కావడం వేరు అన్న విచక్షణను అవి నేర్పుతాయి. అమలుకు పనికిరాని 210 ఇక్కడ అక్కరకొస్తుంది: ఖర్చు అంతకు దిగువకు పోలేదు. 270 దగ్గర ఆగినవారికి ఇంకా 60 వరకు తగ్గే అవకాశం ఉండవచ్చని అది తెలుపుతుంది. 220 చేతికొస్తే మిగిలిన సందేహం 10 మాత్రమే. దిగువ హద్దు చెప్పకుండా ఉత్తమమని ప్రకటించే ఏ ప్రణాళికనైనా ముందు అడగవలసింది ఆ హద్దునే.