యంత్రం గొప్పదే, ధరతోనే పేచీ

పర్చూరు, చిలకలూరిపేట వైపు పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉద్యోగాలు చేస్తూ, చిప్పులు చేసే యంత్రాల కంపెనీల షేర్ల మీద పడ్డారు. "ఏఐకి చిప్పులు కావాలి, చిప్పులకు యంత్రాలు కావాలి, ఇంకా ఆలోచించేదేముంది బాబాయ్?" అంటున్నారు. చాలా ఉంది.

షేరుకు ధర కట్టడం నాకు గుంటూరు మిర్చి యార్డు నేర్పింది. కొనేవాడు టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) గుప్పెడు కాయలు తీస్తాడు. ఊపి గలగల వింటాడు, రంగు చూస్తాడు, కాయ చీల్చి గింజ చూస్తాడు. ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలవుతాయి: కోల్డ్ స్టోరేజీల్లో పాత సరుకెంత? ఈసారి ఎన్ని ఎకరాలు వేశారు?

ఆ ప్రశ్నలెందుకో వినండి. 2021లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తినేసింది. దిగుబడి పడిపోయి, 2023 నాటికి క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ధర చూసి ఊరూరా మిర్చే వేశారు, విత్తనాల కోసం ఎగబడ్డారు. 2025 ఫిబ్రవరికల్లా కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర కట్టి రైతును ఆదుకోవాల్సిన పరిస్థితి.

యంత్రాల కంపెనీలు ఈ కథలో విత్తనాలు, నారు అమ్మేవాళ్లు. చిప్పులకు ధర పలికిన ఏడు అందరూ ఫ్యాక్టరీలు కడతారు. కొత్త సరుకు దిగేసరికి ధర జారుతుంది, యంత్రాల ఆర్డర్లు ఆగిపోతాయి. అలాంటి యంత్రాల కంపెనీ అప్లయిడ్ మెటీరియల్స్ అమ్మకాలు 2000లో సుమారు 956 కోట్ల డాలర్లు. 2003లో 448 కోట్లు. 2000 నాటి గరిష్ఠ ధరకు షేరు మళ్లీ చేరడానికి 17 ఏళ్లకు పైగా పట్టింది. అంత మంచి కంపెనీకే!

చిప్పుల మీద అతి సన్నని గీతలు ముద్రించే ఈయూవీ యంత్రాలు చేసేది ప్రపంచంలో ఏఎస్‌ఎమ్‌ఎల్ అనే కంపెనీ ఒక్కటే. ఆ పనితనానికి దండం పెట్టాల్సిందే. కానీ వాటిని కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2024 అక్టోబరులో ఆర్డర్లు అనుకున్నదాంట్లో సగం కూడా రాలేదని తెలియగానే షేరు ఒక్కరోజులో 16 శాతం పడింది.

అందుకే లాభం బాగా వచ్చిన ఒక్క ఏడాదిని పట్టుకుని ధర కట్టకండి. పదేళ్ల లాభాలు ముందు పెట్టుకోండి, పడిన ఏళ్లు కూడా కలిపి సగటు తీయండి, నేటి ధర దానికి ఎన్ని రెట్లుందో చూడండి. నేను చూశాను, ఈ ధరకు కొనను. మీరు కొన్నా, పొలం తాకట్టు పెట్టి మాత్రం కొనకండి.