విడుదల పొందిన గొంతు

పాటా, నీకు వందనాలు.

నువ్వు ఎఱ్ఱసముద్రం ఒడ్డున లేచావు. రాత్రంతా తూర్పుగాలి వీచింది. నీళ్ళు కుడిపక్కనా ఎడమపక్కనా గోడలై నిలబడ్డాయి. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, గొర్రెల మందలు, పులియని పిండి మూటలు మోసే భుజాలు, అన్నీ ఆరిన నేల మీదుగా ఈ దరికి చేరాయి. తెల్లవారేసరికి సముద్రం తన చోటికి తిరిగి వచ్చింది. తరుముకొచ్చిన రథచక్రాల చప్పుడు ఇక వినిపించలేదు. మోషే గొంతెత్తాడు. జనమంతా గొంతెత్తారు.

పాడమని ఎవరూ చెప్పలేదు. నిర్గమకాండం చదివే ప్రతిసారీ నేను ఇక్కడ ఆగుతాను. గొర్రెపిల్ల రక్తం ద్వారబంధాలకు పూయమని దేవుడు చెప్పాడు. నడుం బిగించి, చెప్పులు తొడుక్కుని, త్వరగా తినమని చెప్పాడు. కర్ర ఎత్తి సముద్రం మీదికి చెయ్యి చాపమని చెప్పాడు. ఒడ్డు చేరాక పాడండి అన్న మాట ఒక్కటీ లేదు. తరతరాలుగా ఆ జనం చేసిన ప్రతి పనీ ఇంకొకరు చెబితే చేసిందే. రోజుకి ఇన్ని ఇటుకలు అని ఒకడు చెప్పాడు. గడ్డి మేమివ్వం, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదని ఇంకొకడు చెప్పాడు. పుట్టిన మగబిడ్డల్ని ఏట్లో పారేయమని సింహాసనం మీద కూర్చుని ఒకడు చెప్పాడు. ఏ ఆజ్ఞా లేకుండా, ఏ కొరడా పైన లేకుండా, ఆ గొంతులు తమంతట తాము చేసిన మొట్టమొదటి పని నువ్వే. వెట్టి నుంచి బయటపడ్డామని వాళ్ళకి కాళ్ళు చెప్పలేదు, చేతులు చెప్పలేదు. గొంతు చెప్పింది.

ఆ గొంతుకి అంతవరకూ వచ్చింది మూలుగే. ఐగుప్తులో వెట్టి కింద వాళ్ళు మూలిగారనీ, ఆ మూలుగు దేవుని చెవిని చేరిందనీ అదే గ్రంథం చెబుతుంది. మూలుగు విన్నవాడే ఇప్పుడు పాట వింటున్నాడు. నిన్ను ఎవరికి పాడాలన్న సందేహం అందుకే వాళ్ళకి రాలేదు.

మిర్యామును తలుచుకుంటాను. ఆ ఉదయానికి మోషేకే 80 ఏళ్ళు దాటాయి. ఆమె అతనికి అక్క. తమ్ముణ్ణి జమ్ముపెట్టెలో పెట్టి నైలు ఒడ్డున వదిలినప్పుడు, ఏమవుతుందోనని దూరాన నిలబడి చూసిన అక్క ఆమేనని తరతరాల నమ్మకం. చిన్నప్పుడు నీళ్ళని చూసి గుండె బిగబట్టిన మనిషి, ముసలితనంలో నీళ్ళ ఒడ్డునే తోలు బిగించిన వాద్యం చేతబట్టి ఆడవాళ్ళందరికీ ముందు నడిచింది. ఆమె పాటందుకుంటే వాళ్ళూ వాద్యాలతో అడుగులు వేస్తూ కదిలారు. ఇక్కడ యూదు పెద్దలు ఒక ప్రశ్న వేసుకున్నారు. పిండి పులిసేదాకా కూడా ఆగలేని ప్రయాణంలో వాద్యాలు ఎక్కడివి? ఐగుప్తులో ఉండగానే ఆ ఆడవాళ్ళు సిద్ధం చేసుకున్నారని వాళ్ళే జవాబు చెప్పుకున్నారు. దేవుడు అద్భుతం చేస్తాడు, చేసిన రోజున వాయించడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి అనుకున్నారట. ఈ వ్యాఖ్యానం నాకు ప్రాణం. రొట్టెకు వ్యవధి లేదు, పాటకు ఏర్పాటు ఉంది! విడుదలకంటే ముందే మూటలో సర్దుకున్న వస్తువు నువ్వు.

అయినా నీ వెనకే ఒక నొప్పి నడిచింది. దేవదూతలు కూడా ఆ రాత్రి పాడబోతే, మునిగిపోతున్నవాళ్ళు కూడా నా చేతి సృష్టే కదా అని దేవుడు వాళ్ళని ఆపాడని అదే పెద్దలు చెప్పుకున్నారు. దూతల్ని ఆపినవాడు బానిసల్ని ఆపలేదు. దెబ్బలు తిన్న వీపులకు పాడే హక్కు ఉంది. ఇక మూడు రోజులు గడిచాయో లేదో, మారాలో నీళ్ళు చేదుగా ఉన్నాయని అవే గొంతులు సణిగాయి. ఆ సణుగుడు చూపించి పాటను తక్కువ చేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. దాహం నిజమే, పాట కూడా నిజమే. మనిషి గొంతు రెండింటినీ మోస్తుంది.

ఆ ఒడ్డు నుంచి నువ్వు నడిచిన దారి పొడుగైనది. దెబోరా నోట యుద్ధం ముగిశాక నిలిచావు. హన్నా ఒడిలో బిడ్డ పెరిగాక, ఆ బిడ్డను దేవునికి ఇచ్చేసిన చోట పలికావు. నెలల తరబడి మాట పడిపోయిన జెకర్యా నాలుక తిరిగి కదిలినప్పుడు, దాని మీద మొదటి మాట నువ్వే. పదిమంది కుష్ఠరోగులు శుద్ధులయ్యారు. బిగ్గరగా దేవుణ్ణి మహిమపరుస్తూ వెనక్కి తిరిగి వచ్చినవాడు ఒక్కడు, వాడూ సమరయుడు. తొమ్మిదిమందికి దొరికింది ఆరోగ్యం. ఆ ఒక్కడికి ఆరోగ్యం ఇచ్చినవాడే దొరికాడు.

కష్టం తీరాకే కాదు, తీరకముందూ పాడారు. చేప కడుపులోంచి, ఒడ్డు ఎక్కడుందో తెలియని చీకట్లోంచి యోనా కృతజ్ఞతాస్తుతి ఎత్తుకున్నాడు. యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు గాయకుల్ని నడిపించాడు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల, బట్టలు చించి బెత్తాలతో కొట్టిన ఒళ్ళతో, బొండలో బిగించిన కాళ్ళతో, మధ్యరాత్రి వేళ కీర్తనలు పాడారు. తక్కిన ఖైదీలు వింటున్నారు. ఈ సంగతి చెప్పిన లూకా ఆ ముక్క రాయకుండా వదిలేసి ఉండవచ్చు, రాశాడు. భూమి కంపించింది, తలుపులు తెరుచుకున్నాయి, అందరి సంకెళ్ళూ ఊడాయి. పాడినవాళ్ళ సంకెళ్ళే కాదు, విన్నవాళ్ళవీ ఊడాయి. ఆ రాత్రే చెరసాల నాయకుడు వాళ్ళ గాయాలు కడిగాడు.

ఇంకొక రాత్రి ఉంది. దాని దగ్గర నా మాట తడబడుతుంది.

పస్కా భోజనం అయింది. ఆ పండుగ రాత్రి యూదుల ఇళ్ళలో 113 నుంచి 118 వరకు ఉన్న కీర్తనలు పాడడం ఆచారం. ఐగుప్తు నుంచి బయలుదేరిన రోజు, సముద్రం పారిపోయిన రోజు, మరణపాశాలు తెగిన రోజు, అన్నీ వాటిలో ఉన్నాయి. యేసు తన శిష్యులతో కలిసి కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్ళాడని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. ఒక్క వాక్యంలో రాసి ముందుకు సాగిపోయారు. నేను సాగిపోలేను. తనను అమ్మినవాడు అప్పటికే బయటికి వెళ్ళాడు. తోటలో కార్చబోయే చెమట తెలుసు. గిన్నె తొలగించమని అడుగుతాడు, తొలగదు. తన కోసం సముద్రం పాయలవదు, తెల్లవారుజామున చెరసాల తలుపు తెరుచుకోదు. తెలిసే, విడుదల కీర్తనలను విడుదల లేని దారిలోకి పాడుకుంటూ వెళ్ళాడు. మిర్యాము పాడినప్పుడు శత్రువు నీళ్ళలో ఉన్నాడు. ప్రభువు పాడినప్పుడు శత్రువులు దివిటీలు పట్టుకుని బయలుదేరుతున్నారు. మేం పాడే ప్రతి స్తుతి పాటకూ అడుగున ఆ గొంతు ఉందని నమ్ముతాను. మా విడుదలకు వెల చెల్లించింది ఆ గొంతే.

ఈ మాట ఎందుకు చెప్పుకోవాలంటే, విడుదల అందరికీ ఒకేలా రాదు. హేరోదు కత్తికి యాకోబు తల తెగింది. ఆ తర్వాత అదే హేరోదు చెరలోంచి పేతురును దేవదూత నడిపించుకు వచ్చాడు. మార్కు తల్లి మరియ ఇంట్లో ప్రార్థన చేస్తున్నవాళ్ళు తలుపు తీసి ఆశ్చర్యపోయారు. అదే యెరూషలేములో యాకోబు తల్లి ఉండి ఉంటే, ఆ వార్త ఆమె చెవిన ఎలా పడిందో! పాడే హక్కుతోపాటు పాడేవాళ్ళకి ఒక బాధ్యత ఉంది. పక్కింట్లో తెరుచుకోని తలుపును మరిచిపోయి పాడితే అది స్తుతి కాదు, దండోరా.

పాటా, నువ్వు మా నేలకీ వచ్చావు. 1876-78 కరువు. ఒంగోలు చుట్టుపక్కల పంట లేదు, నీళ్ళు లేవు, మాదిగపల్లెల్లో జనం రాలిపోతున్నారు. జాన్ ఎవరెట్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే పని గుత్తకు తీసుకుని వాళ్ళకి కూలి దొరికేలా చేశాడు. పలుగూ పారా దించి గట్టు మీద కూర్చున్నవాళ్ళ మధ్యకి తెలుగు బోధకులు వచ్చి, ప్రయాసపడి భారం మోసేవాళ్ళని పిలిచిన యేసును గురించి చెప్పేవాళ్ళు. మట్టి తట్టలు మోసి మోసి తలలు బొబ్బలెక్కినవాళ్ళకి ఆ పిలుపుకు వివరణ అక్కర్లేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మం ఇవ్వడం ఆపారు. సాయం ఆగింది. జనం ఆగలేదు. 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి వాళ్ళని ముంచి లేపినవాళ్ళు తెలుగు బోధకులే.

గుండ్లకమ్మ ఒడ్డున నువ్వు లేచే ఉంటావు. ఆ జనం దొర ఎదుట గొంతెత్తకూడని జనం. ఊరి జాతరలో డప్పు కొట్టడం వాళ్ళకి పండుగ కాదు, వెట్టి. క్రీస్తును నమ్మాక, విగ్రహాల ముందు మేము కొట్టం అని ఆ డప్పు దించారు, దానికి పెద్దకులాల చేతుల్లో దెబ్బలు తిన్నారు. ఇప్పుడు క్రిస్మస్ రోజుల్లో పల్లెల వైపు వెళితే చూడండి. నక్షత్రాన్ని ఎత్తుకుని ఇంటింటికీ తిరిగే గుంపుల్లో అదే డప్పు మోగుతుంది. ఎవరూ కొట్టమనలేదు. వెట్టిగా కొట్టిన చెయ్యి ఇష్టంగా కొడుతోంది. మిర్యాము చేతిలోని తోలు వాద్యానికి ఇంత దగ్గరి చుట్టం ఇంకెక్కడా కనబడదు నాకు.

నీకు మా రాగాలు తొడిగినవాళ్ళకీ వందనాలు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును వెంబడించిన పురుషోత్తమ చౌదరి (1803-1890) రాసిన కీర్తనలు ఈనాటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉన్నాయి. చాలా కీర్తనల నెత్తిన రాగమూ తాళమూ అచ్చై ఉంటాయి. ఆ అక్షరాలు చదవలేని అవ్వలు కీర్తనంతా చరణం తప్పకుండా పాడతారు. కొందరికి బైబిలు అంతా ఆ పాటల్లోంచే తెలిసింది. ఈ రోజు తెరమీద మాటలు వేసి కీబోర్డుతో పాడే సంఘాలను నేను తప్పుపట్టను. కానీ ఆ అవ్వల కంఠస్థం మనతోనే ఆగిపోతే మాత్రం పెద్ద ఆస్తి పోగొట్టుకున్నట్టే.

కృతజ్ఞతా కూడిక జరుగుతున్న ఇంటికి రండి. వాకిట్లో షామియానా, కింద జంపఖానాలు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి ఎన్నో బాధలు పడి తిరిగొచ్చిన ఆడమనిషి సాక్ష్యం చెప్పడానికి లేస్తుంది. అందరికీ వందనాలు అంటుంది. పాస్‌పోర్టు లాక్కున్నారు అంటుంది, ఫోను ఇవ్వలేదు అంటుంది. ఆ తర్వాత మాట రాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. వెనక వరసలోంచి ఎవరో, అమ్మా, పాడమ్మా అంటారు. ఆమె పల్లవి ఎత్తుకుంటుంది, శ్రుతి లేదు, ఊపిరి మధ్యలో తెగుతుంది. రెండోసారికి గుంపంతా అందుకుంటుంది. గోడ పక్కన, కొడుకు జబ్బు కోసం ఏళ్ళుగా ప్రార్థించి నిరుడు సమాధి చేసుకున్న తల్లి కూర్చుని ఉంది. మొదటి చరణం ఆమె పాడలేదు. రెండో చరణంలో ఆమె పెదవులు కదిలాయి, మూడో చరణానికి ఆమె గొంతు అందరికంటే పైన వినిపించింది. డోలక్ కుర్రాడు లయ పెంచాడు, కూర్చున్నవాళ్ళంతా చప్పట్లతో లేచి నిలబడ్డారు.